ఫుట్‌బాల్ డైరెక్టర్ ఆటగాళ్ల కొనుగోలును ఎలా నడపాలి?

వృత్తి క్లబ్బులో ప్రధాన కోచ్ ఆలోచన సహజంగానే రాబోయే మ్యాచ్ చుట్టూ తిరుగుతుంది. వరుసగా ఐదారు మ్యాచ్‌లు ఓడిపోతే ఉద్యోగమే ఉండదని తెలిసిన మనిషిని, మూడేళ్ల తర్వాత జట్టు ఎలా ఉండాలో ఇప్పుడే ఆలోచించమని అడగడం న్యాయం కాదు. అదే క్లబ్బు ఒక ఆటగాణ్ని కొన్నప్పుడు మాత్రం నాలుగేళ్లకో ఐదేళ్లకో ఒప్పందం రాసుకుంటుంది; ఆ గడువు తీరే లోపు ఇద్దరు ముగ్గురు కోచ్‌లు మారడం మామూలు విషయం. వెళ్లిపోయిన కోచ్ ఇష్టపడి తెచ్చుకున్న ఆటగాళ్లు కొత్త కోచ్‌కు పనికిరాక, పెద్ద జీతాలు తీసుకుంటూ బెంచీకే పరిమితం కావడం ఏ లీగ్‌లోనైనా కనిపిస్తుంది. ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవి ఈ ఎడాన్ని పూడ్చడానికే ఉంది. కొన్ని దేశాల్లో స్పోర్టింగ్ డైరెక్టర్ అనీ, కొన్ని క్లబ్బుల్లో టెక్నికల్ డైరెక్టర్ అనీ పిలిచినా, ఆటగాళ్ల కొనుగోలు వరకు చూస్తే చేయవలసిన పని ఒక్కటే: రెండు మూడు సీజన్ల ముందుచూపుతో నిర్ణయాలు తీసుకోవడం, కోచ్ మారినా ఆ నిర్ణయాలు నిలిచేలా చూడడం.

జర్మనీలో, స్పెయిన్‌లో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఉలి హోనెస్ 1979లో 27 ఏళ్ల వయసులోనే బయర్న్ మ్యూనిక్ మేనేజర్‌గా బాధ్యత చేపట్టి, మైదానంలో శిక్షణను కోచ్‌కు వదిలి, కొనుగోళ్లనూ ఆదాయాన్నీ తాను చూసుకున్నాడు. డోర్ట్‌మండ్‌లో మిఖాయెల్ జోర్క్ 1998 నుంచి 2022 వరకు ఇదే పనిలో ఉన్నాడు. సెవిల్లా 2000లో రెండో డివిజన్‌కు పడిపోయినప్పుడు, ఆ జట్టు మాజీ గోల్‌కీపర్ మోంచీకి ఈ బాధ్యత అప్పగించారు. ఆ క్లబ్బు తర్వాతి కాలంలో యూరప్ రెండో స్థాయి కప్పును (ఇప్పటి యూరోపా లీగ్) ఏడుసార్లు గెలిచింది. ఇంగ్లండ్‌లో మాత్రం శిక్షణ, కొనుగోలు రెండూ ఒకే మేనేజర్ చేతిలో ఉండడం సంప్రదాయం కావడంతో, ఈ పదవి అక్కడ చాలాకాలం అనుమానాన్నే ఎదుర్కొంది. ఆ అనుమానాలకు కారణమైన ఒక వివాదం నుంచే, ఈ పదవిలోకి కొత్తగా వచ్చేవారు చేయవలసిన మొదటి పని ఏమిటో తెలుస్తుంది.

అధికారం ఎవరిదో ముందే రాసుకోవాలి

2008 జనవరిలో న్యూక్యాజిల్ యునైటెడ్ కెవిన్ కీగన్‌ను మేనేజర్‌గా నియమించింది; కొద్ది రోజులకే డెన్నిస్ వైజ్‌ను ఫుట్‌బాల్ వ్యవహారాల ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా తెచ్చింది. ఆగస్టు చివర్లో, బదిలీల గడువు ముగియబోతున్న సమయంలో, ఉరుగ్వే మిడ్‌ఫీల్డర్ ఇగ్నాసియో గొంజాలెజ్‌ను వాలెన్సియా నుంచి లోన్ మీద (కొంతకాలానికి అరువుగా) తీసుకోవాలని వైజ్ ప్రతిపాదించాడు. క్లబ్బులో ఆ ఆటగాడి ఆటను మైదానంలో చూసినవారు ఒక్కరూ లేరు; యూట్యూబ్‌లో కొన్ని వీడియోలు ఉన్నాయి, చూడమన్నారు. కీగన్ వద్దన్నా ఒప్పందం జరిగింది. సెప్టెంబర్ 4న ఆయన రాజీనామా చేశాడు. 2009 అక్టోబర్‌లో ప్రీమియర్ లీగ్ మధ్యవర్తిత్వ మండలి తీర్పు చెబుతూ, కొనుగోళ్లలో తుది మాట మేనేజర్‌దేనని ఒప్పందం ఉండగా క్లబ్బు దాన్ని ఉల్లంఘించిందని తేల్చి, ఆయనకు 20 లక్షల పౌండ్ల పరిహారం ఇప్పించింది. దక్షిణ అమెరికాకు చెందిన ఇద్దరు ఏజెంట్లకు మేలు చేయడం కోసం ఈ లోన్ తీసుకున్నామని క్లబ్బే విచారణలో ఒప్పుకుంది. గొంజాలెజ్ ఆ జట్టు తరఫున సబ్‌స్టిట్యూట్‌గా రెండుసార్లు మాత్రమే ఆడాడు.

ఇందులో తప్పు ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవిది కాదు. మేనేజర్‌కు ఒక మాట, డైరెక్టర్‌కు ఇంకో మాట, అభిమానులకు మరో మాట చెప్పిన యాజమాన్యానిది. కాబట్టి ఈ పదవిని స్వీకరించేవారు తమ నియామక పత్రం మీద సంతకం చేయకముందే నాలుగు ప్రశ్నలకు లిఖితపూర్వకమైన సమాధానం అడగాలి. ఆటగాడి పేరును ఎవరు ప్రతిపాదించవచ్చు? ఎవరు తిరస్కరించవచ్చు? ధరకు పరిమితి ఎవరు పెడతారు? డైరెక్టర్, కోచ్ ఏకీభవించకపోతే ఎవరి మాట చెల్లుతుంది?

నా అభిప్రాయంలో కోచ్‌కు వద్దనే హక్కు తప్పక ఉండాలి గాని, ఫలానా వాణ్నే కొనాలని పట్టుబట్టే హక్కు ఉండకూడదు. తాను ఆడించడానికి ఇష్టపడని ఆటగాణ్ని కోచ్ మీద రుద్దితే ఆ డబ్బు వృథా అవుతుంది; కోచ్ అడిగిన ప్రతి ఆటగాణ్నీ తెస్తే డైరెక్టర్ ఉండి ప్రయోజనం లేదు. యజమానికి బడ్జెట్ మీద సంపూర్ణ అధికారం ఉండాలి, ఎవరిని కొనాలన్న విషయంలో ఉండకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. ఏ ఏజెంటో నేరుగా యజమాని ఫోన్‌కు మూడు నిమిషాల వీడియో పంపడం, మర్నాడు ఆ పేరు సమావేశంలో చర్చకు రావడం ఈ వృత్తిలో ఉన్నవారందరూ ఎరిగినదే. అలాంటి పేరును కూడా మిగతా పేర్లలాగే అదే పరిశీలన గుండా పంపుతామని మొదటి రోజే చెప్పి, యజమాని చేత ఒప్పించుకోవడం మంచిది. మాంచెస్టర్ యునైటెడ్ స్పోర్టింగ్ డైరెక్టర్‌గా డాన్ యాష్‌వర్త్‌ను న్యూక్యాజిల్ నుంచి తెచ్చుకోవడానికి నెలల తరబడి వేచి ఉండి, 2024 జులైలో పదవిలో కూర్చోబెట్టి, డిసెంబర్‌లోనే పంపించివేసింది. ఎంత అనుభవం ఉన్నా పైనున్నవారితో ముందుగా పొత్తు కుదరకపోతే ఈ పదవి ఆరు నెలలు కూడా నిలవదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

జట్టు మొత్తాన్ని ఒక్క కాగితం మీద చూడాలి

అధికారం తేలిన తర్వాత చేయవలసింది మార్కెట్ వైపు చూడడం కాదు, ఉన్న జట్టును లెక్కగట్టడం. ఒక పెద్ద కాగితం మీద నిలువుగా స్థానాలు, అడ్డంగా రాబోయే నాలుగు సీజన్లు వేసుకుని, ప్రతి గడిలో ఆ సీజన్‌లో ఆ స్థానానికి ఒప్పందంలో ఉండే ఆటగాళ్ల పేర్లు, అప్పటికి వారి వయసు, ఒప్పందం ముగిసే తేదీ, జీతం, గత సీజన్‌లో ఆడిన నిమిషాలు రాయాలి. నిమిషాల లెక్క చాలామంది వదిలేస్తారు గాని, అసలు విషయం అక్కడే బయటపడుతుంది. 38 మ్యాచ్‌ల లీగ్‌లో ఒక ఆటగాడు అన్ని నిమిషాలూ ఆడితే 3,420 అవుతాయి. రైట్ బ్యాక్ (కుడి అంచు డిఫెండర్) గడిలో రెండు పేర్లున్నాయి కదా అని నిశ్చింతగా ఉన్న క్లబ్బు, మొదటివాడు 31 ఏళ్ల వయసులో గాయాలతో 1,400 నిమిషాలే ఆడాడనీ, రెండోవాడు ఇరవై ఏళ్లు నిండనివాడనీ, మిగిలిన రెండు వేల నిమిషాలు ఒక సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్) తనది కాని చోట నెట్టుకొచ్చాడనీ ఈ కాగితం చూశాకే గుర్తిస్తుంది. మరుసటి సీజన్ గడిలోకి వెళ్తే మొదటివాడి పేరే ఉండదు, ఎందుకంటే అతని ఒప్పందం జూన్‌లో ముగుస్తుంది. కొనవలసిన స్థానం ఏదో ఇలా తెలియాలే తప్ప, మార్కెట్‌లో ఎవరు దొరుకుతున్నారన్న దాన్నిబట్టి తేలకూడదు.

ఈ లెక్క లేకుండా డబ్బు ఖర్చు చేస్తే ఏమవుతుందో 2017 వేసవిలో ఎవర్టన్ చూపించింది. లెస్టర్ సిటీలో మంచి పేరు తెచ్చుకున్న స్టీవ్ వాల్ష్ అప్పుడు అక్కడ ఫుట్‌బాల్ డైరెక్టర్, రొనాల్డ్ కూమన్ మేనేజర్. డేవీ క్లాసెన్, వేన్ రూనీ, గిల్ఫీ సిగుర్డ్‌సన్ ముగ్గురూ ఒకే వేసవిలో వచ్చారు. ముగ్గురూ స్ట్రైకర్ వెనుక ఆడడానికి ఇష్టపడేవారే. వారి ముందు నిలబడవలసిన స్ట్రైకర్ రొమేలు లుకాకును అదే వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు, అతని స్థాయివాడు రాలేదు. అక్టోబర్‌లో కూమన్ పదవి పోయింది. ఆ ముగ్గురిలో ఎవరూ చెడ్డ ఆటగాడు కాదు. ఎంపిక ఒక్కొక్కరినీ విడివిడిగా చూసి జరిగిందే తప్ప, ముగ్గురినీ ఒకే కాగితం మీద పెట్టి చూసినట్టు కనిపించదు.

ఇదే కాగితం మీద ఒప్పందాల గడువులను ఇంకో కంటితో చూడాలి. 1995 డిసెంబర్‌లో వచ్చిన బోస్మన్ తీర్పు తర్వాత, ఒప్పందం ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు రూపాయి దక్కకుండా వెళ్లిపోవచ్చు. ఫిఫా నియమాల ప్రకారం చివరి ఆరు నెలల్లోకి రాగానే అతడు వేరే క్లబ్బుతో తర్వాతి సీజన్‌కు సంతకం కూడా చేయవచ్చు. అందువల్ల గడువు రెండేళ్లు మిగిలి ఉన్నప్పుడే పొడిగించాలా అమ్మాలా అని తేల్చుకోవాలి; ఏడాది మాత్రమే మిగిలాక బేరంలో పైచేయి ఆటగాడిదే. తెలిసి తెలిసి గడువు తీరనివ్వడం కూడా కొన్నిసార్లు సరైన నిర్ణయమే కావచ్చు. డోర్ట్‌మండ్ 2013 వేసవిలో రాబర్ట్ లెవాండోవ్‌స్కీని బయర్న్‌కు అమ్మడానికి నిరాకరించి, మరో ఏడాది ఆడించుకుని, 2014లో ఉచితంగా పోనిచ్చింది. అతనితో వచ్చే గోల్స్ విలువ, ప్రత్యర్థికి అతణ్ని ఏడాది ముందే అప్పగించడం వల్ల కలిగే నష్టం, చేతికి వచ్చే డబ్బు, ఈ మూడింటినీ తూచి తీసుకున్న నిర్ణయమది. మరచిపోయి గడువు దాటనివ్వడానికీ దీనికీ పోలిక లేదు.

పేరు కంటే ముందు పని వివరణ

స్థానం తేలాక, ఆ స్థానంలో ఆడేవాడు ఏమి చేయాలో ఒక పేజీలో రాయాలి. ‘మంచి లెఫ్ట్ బ్యాక్’ అని రాస్తే ఉపయోగం లేదు. మన జట్టు బంతి కోల్పోగానే పైకి వెళ్లి ఒత్తిడి చేస్తుందా, వెనక్కి వచ్చి గీత కడుతుందా? అతని ముందు ఆడే వింగర్ లోపలికి కోసుకొస్తాడా, అంచునే ఉంటాడా? అతని వెనుక ఖాళీగా మిగిలే నలభై గజాలను ఎవరు కాపలా కాస్తారు? వీటికి జవాబులు రాస్తే, కావలసినవాడు వేగం ఉన్నవాడా, బంతిని ఓపికగా నడిపేవాడా, పొడవైనవాడా అన్నది దానంతటదే తేలుతుంది. వయసు పరిమితి, జీతం పరిమితి, లీగ్ నమోదు నియమాలు కూడా అదే పేజీలో ఉండాలి. ప్రీమియర్ లీగ్‌లో నమోదు చేసే 25 మందిలో స్థానికంగా తయారుకానివారు (చిన్న వయసులో అక్కడి క్లబ్బుల్లో శిక్షణ పొందనివారు) 17 మందికి మించకూడదు. ఈ లెక్క చూసుకోకుండా పద్దెనిమిదోవాణ్ని కొంటే, ఉన్నవారిలో ఒకరు సీజన్ అంతా కూర్చోవలసిందే. ఈ పేజీ మీద కోచ్, డైరెక్టర్ ఇద్దరూ సంతకం చేసిన తర్వాతే పేర్ల చర్చ మొదలుకావాలి.

ఆ తర్వాత వెతుకులాట గణాంకాలతో మొదలై, వీడియో గుండా మైదానానికి చేరాలి. గణాంకాలు ఎవరిని చూడాలో చెబుతాయి, ఎవరిని కొనాలో చెప్పవు. వాటిని చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. బంతి ఎక్కువసేపు ప్రత్యర్థి దగ్గరే ఉండే జట్టులో డిఫెండర్‌కు ట్యాకిల్ చేసే అవకాశాలు ఎక్కువ వస్తాయి కాబట్టి, అతని సంఖ్యలు పెద్దవిగా కనిపిస్తాయి. బంతి తమ దగ్గర ఉంచుకునే జట్టులో ఉన్న అంతకంటే మంచి డిఫెండర్ సంఖ్యలు చిన్నవిగా ఉంటాయి. అలాగే ఒక స్ట్రైకర్ పదిహేను మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్ కంటే, అతడు ఎలాంటి చోట్ల నుంచి ఎన్ని అవకాశాలు సంపాదించాడన్నది భవిష్యత్తును నమ్మకంగా సూచిస్తుంది.

సంఖ్యలు పనికొచ్చేది ముఖ్యంగా పేరు చెడ్డ ఆటగాడి విషయంలో. మొహమ్మద్ సలా చెల్సీలో నిలదొక్కుకోలేక ఇటలీ వెళ్లినప్పుడు, ఇంగ్లండ్‌లో పనికిరానివాడన్న ముద్ర పడింది. రోమాలో అతని ఆటను గమనిస్తూ వచ్చిన లివర్‌పూల్ స్పోర్టింగ్ డైరెక్టర్ మైఖేల్ ఎడ్వర్డ్స్, ఆటగాళ్లను వెతికి పరిశీలించే స్కౌటింగ్ బృందం అతణ్నే తీసుకోవాలని తనను వదలకుండా ఒప్పించారని మేనేజర్ యుర్గెన్ క్లాప్ తర్వాత బహిరంగంగానే చెప్పాడు. 2017లో వచ్చిన సలా మొదటి లీగ్ సీజన్‌లోనే 32 గోల్స్ చేశాడు. ఈ ఉదంతంలో డైరెక్టర్ ఎంత సరిగ్గా చూశాడన్నది ఎంత ముఖ్యమో, మేనేజర్ వినడానికి సిద్ధపడడం అంతే ముఖ్యం. ఇక పేరే తెలియని ఆటగాళ్ల విషయానికొస్తే, డోర్ట్‌మండ్ 2010లో జపాన్‌లోని సెరెజో ఒసాకా నుంచి షింజి కగావాను మూడున్నర లక్షల యూరోలకు తెచ్చుకుని, రెండు వరుస టైటిళ్ల తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మింది.

మైదానానికి వెళ్లే స్కౌట్ బంతిని చూడడానికి వెళ్లకూడదు. బంతి టీవీలో కనిపిస్తుంది. కెమెరా చూపించనివి చూడాలి. వార్మప్‌లో ఇతరులు నవ్వుకుంటుంటే ఇతడు ఏమి చేస్తున్నాడు, తన వైపు నుంచి గోల్ పడగానే ఎవరి మీద చేతులు విసురుతున్నాడు, బంతి మైదానం అవతలి మూల ఉన్నప్పుడు భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూస్తున్నాడు, డెబ్బయ్యో నిమిషంలో బయటకు పిలిస్తే కోచ్ చేయి అందుకుంటున్నాడా, ఇవన్నీ నివేదికలో ఉండాలి. సొంత మైదానంలో గెలిచిన మ్యాచ్ ఒకటి చూస్తే, బయట ఓడిన మ్యాచ్ ఒకటి తప్పక చూడాలి. ఇద్దరు స్కౌట్‌లు వేర్వేరు రోజుల్లో వెళ్లి, ఒకరి నివేదిక ఒకరు చూడకుండా రాస్తే ఇంకా మంచిది. నివేదికలు విభేదిస్తే కంగారు పడనక్కరలేదు, మూడో మనిషిని పంపితే సరిపోతుంది. ఇద్దరూ అచ్చం ఒకే మాటలు రాస్తే మాత్రం వారు ముందే మాట్లాడుకున్నారేమో అడగాలి.

స్వభావం గురించి వాకబు చేసేటప్పుడు ఏజెంట్‌నీ ప్రస్తుత కోచ్‌నూ అడగడం వల్ల వచ్చే లాభం తక్కువ. ఒకరికి అమ్మడంలో, మరొకరికి కొన్నిసార్లు వదిలించుకోవడంలో ఆసక్తి ఉంటుంది. పాత అకాడమీలో శిక్షణ ఇచ్చినవారు, అతనితో ఆడి ఇప్పుడు వేరే క్లబ్బులో ఉన్నవారు నిజం చెప్పే అవకాశం ఎక్కువ.

ధర అంటే బదిలీ మొత్తం ఒక్కటే కాదు

పత్రికల్లో కనిపించేది బదిలీ మొత్తం మాత్రమే. డైరెక్టర్ చూడవలసింది ఒప్పంద కాలం పొడవునా అయ్యే ఖర్చు. ఉదాహరణకు రెండు కోట్ల యూరోలకు ఒక ఆటగాణ్ని అయిదేళ్లకు తీసుకుని, ఏడాదికి 30 లక్షల యూరోల జీతం, ఏజెంట్‌కు 15 లక్షలు ఒప్పుకున్నామనుకుందాం. మొత్తం బాధ్యత మూడు కోట్ల 65 లక్షలు. క్లబ్బు పద్దుల్లో బదిలీ మొత్తాన్ని ఒప్పంద కాలానికి సమానంగా పంచి రాస్తారు కాబట్టి, ఏటా 40 లక్షలు ఖర్చుగా పడుతుంది. మూడేళ్లు గడిచేసరికి ఆ రెండు కోట్లలో పద్దులో మిగిలే విలువ 80 లక్షలు. అప్పుడు అతణ్ని కోటి ఇరవై లక్షలకు అమ్మితే, కొన్న ధర కంటే తక్కువకు అమ్మినా, పద్దుల్లో 40 లక్షల లాభం కనిపిస్తుంది. 50 లక్షలకు అమ్మవలసి వస్తే 30 లక్షల నష్టం. అకాడమీలో పెరిగిన ఆటగాడికి పద్దు విలువ దాదాపు శూన్యం కాబట్టి, అమ్మగా వచ్చినదంతా లాభమే. ఆర్థిక నియంత్రణ నియమాల ఒత్తిడిలో ఉన్న క్లబ్బులు సొంత కుర్రాళ్లను ముందుగా అమ్మడానికి కారణమిదే. లెక్కల ప్రకారం ఇది సబబే గాని, క్లబ్బు మూలాలను కోసుకోవడంగానే నేను దీన్ని చూస్తాను.

యూఫా (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) పోటీల్లో ఆడే క్లబ్బులు జీతాలు, బదిలీల వార్షిక భాగం, ఏజెంట్ల రుసుము కలిపి తమ ఆదాయంలో ఇంత శాతానికి మించకూడదన్న నియమం 90 నుంచి దశలవారీగా 70 శాతానికి దిగింది. బదిలీ మొత్తాన్ని అయిదేళ్లకు మించి పంచడాన్ని కూడా యూఫా 2023లో ఆపింది. కాబట్టి ప్రతి కొనుగోలు ప్రతిపాదన పక్కన, రాబోయే మూడేళ్లలో అది ఈ లెక్కను ఎక్కడికి చేరుస్తుందో ఆర్థిక విభాగం రాసి ఇవ్వాలి.

జీతాల నిచ్చెనను కాపాడడం బదిలీ మొత్తం కంటే ఎక్కువ శ్రద్ధ కోరే పని. కొత్తగా వచ్చినవాడికి జట్టులో అందరికంటే రెట్టింపు జీతం ఇస్తే, ఆ వార్త డ్రెస్సింగ్ రూమ్‌కు చేరడానికి వారం పట్టదు. ఆ తర్వాత ఒప్పందాల పొడిగింపు కోసం వచ్చే ప్రతి ఏజెంటూ ఆ అంకెనే ముందు పెడతాడు.

బేరంలోకి దిగే ముందు, దిగిన తర్వాత

ఒప్పందంలో ఉన్న ఆటగాడితో మాట్లాడాలంటే ముందుగా అతని క్లబ్బుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలని ఫిఫా నియమం చెబుతుంది. ఏజెంట్ల ద్వారా ముందే మాటలు నడవడం అందరికీ తెలిసిన రహస్యమే అయినా, అది బయటపడితే బేరమే చెడుతుంది. 2017 జూన్‌లో వర్జిల్ వాన్ డైక్‌ను అనుమతి లేకుండా సంప్రదించారన్న ఆరోపణ రావడంతో లివర్‌పూల్ సౌతాంప్టన్‌కు బహిరంగంగా క్షమాపణ చెప్పి, తాము తప్పుకుంటున్నట్టు ప్రకటించవలసి వచ్చింది. ఆ తర్వాత ఆ క్లబ్బు చేసిన పని గమనించదగినది: రెండో ఎంపికతో సర్దుకోకుండా, రక్షణ బలహీనంగా ఉన్నా ఆరు నెలలు ఓర్చుకుని, 2018 జనవరిలో 7.5 కోట్ల పౌండ్లుగా వార్తల్లోకెక్కిన ధరకు అతణ్నే తెచ్చుకుంది. అందరికీ ఇది చెల్లదు. జట్టు దిగువ డివిజన్‌కు పడే ప్రమాదంలో ఉంటే, సరిపడే రెండోవాణ్ని వెంటనే తెచ్చుకోవడమే వివేకం. ఏ స్థానానికి ఎంతకాలం ఆగగలమో, ఎంత ధర దాటితే లేచి వచ్చేయాలో మార్కెట్ (బదిలీలకు అనుమతి ఉండే కాలం) తెరవకముందే రాసుకోవాలి. ఆగస్టు చివరి రాత్రి ఆ అంకెను మార్చే అధికారం ఒక్క మనిషికి ఉండకూడదు.

ఒక్కో స్థానానికి కనీసం ముగ్గురి పేర్లు వరుస క్రమంలో సిద్ధంగా ఉండాలి. అవతలి క్లబ్బుకు మన దగ్గర రెండో పేరు ఉందని తెలియడమే సగం బేరం. నగదు తక్కువగా ఉన్నప్పుడు, ఆటగాణ్ని మళ్లీ అమ్మితే వచ్చే లాభంలో వాటా, ఆడిన మ్యాచ్‌లను బట్టి అదనపు చెల్లింపులు వంటివి ఉపయోగపడతాయి. అంతర్జాతీయ బదిలీల్లో ఆ మొత్తంలో 5 శాతం, అతడు 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ పొందిన క్లబ్బులకు చేరాలన్నది కూడా లెక్కలో ఉంచుకోవాలి.

కాగితాల పనిని చిన్నచూపు చూడకూడదు. 2017 ఆగస్టు 31న లెస్టర్ సిటీ, పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్ నుంచి అడ్రియన్ సిల్వాను కొన్నప్పుడు పత్రాలు ఫిఫా వ్యవస్థలోకి 14 సెకన్లు ఆలస్యంగా చేరాయి. ఆటగాడు క్లబ్బుకు వచ్చాడు, కానీ జనవరి వరకు ఆడడానికి వీల్లేకపోయింది. అదే రోజు తమ మిడ్‌ఫీల్డర్ డానీ డ్రింక్‌వాటర్‌ను చెల్సీకి అమ్మివేయడంతో ఆ లోటు నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది.

అమ్మకం కొనుగోలులో భాగమే

చాలా క్లబ్బులకు అమ్మకాలే కొనుగోళ్లకు పెట్టుబడి. అయినా మంచి ధర వచ్చాక వారసుణ్ని వెతకడం మొదలుపెడితే, చేతిలో డబ్బున్నట్టు లోకమంతటికీ తెలిసిన కొనుగోలుదారుగా మార్కెట్‌లో నిలబడవలసి వస్తుంది. ఇంగ్లండ్ క్లబ్బు బ్రెంట్‌ఫర్డ్ నడిచిన క్రమాన్ని ఇక్కడ నేర్చుకోవచ్చు. ఫిల్ గైల్స్, రాస్మస్ అంకర్సన్ డైరెక్టర్లుగా ఉన్న కాలంలో, నాలుగో డివిజన్‌లోని ఎక్సెటర్ నుంచి 2017లో తెచ్చిన ఓలీ వాట్కిన్స్ అంచుల్లో ఆడుతూ ఉన్నాడు. 2019లో స్ట్రైకర్ నీల్ మోపేను బ్రైటన్‌కు అమ్మినప్పుడు అతణ్ని మధ్యకు జరిపారు. 2020లో వాట్కిన్స్‌ను ఆస్టన్ విల్లాకు అమ్మేసరికి, పీటర్‌బరో నుంచి ఇవాన్ టోనీ వచ్చేశాడు. 2021లో ఆ క్లబ్బు 74 ఏళ్ల తర్వాత అగ్ర డివిజన్‌కు చేరింది. సెవిల్లాలోనూ ఇదే తీరు: 2013లో తెచ్చిన కార్లోస్ బక్కాను 2015లో మిలాన్‌కు అమ్మినప్పుడు, అతనితోపాటే వచ్చిన కెవిన్ గమేరో సిద్ధంగా ఉన్నాడు, 2016లో యూరోపా లీగ్ మళ్లీ గెలిచారు.

అందువల్ల జట్టు కాగితం పక్కనే ఇంకో జాబితా ఉండాలి: ఈ ఏడాది పోయే అవకాశం ఉన్న ప్రతి ఆటగాడికి ఎదురుగా, అతని స్థానంలో వచ్చేవాడి పేరు. ఆ పేరు మన జట్టులోనే ఉంటే ఇంకా మేలు.

వచ్చిన తర్వాత

ఒప్పందం కుదిరిన రోజున డైరెక్టర్ పని ముగియదు. ఇల్లు, భాష నేర్పే వ్యక్తి, పిల్లల బడి, జీవిత భాగస్వామికి ఊరిలో పలకరించే మనిషి వంటివి మొదటి మూడు నెలల్లో ఆటగాడి ఆటను శిక్షణ కంటే ఎక్కువగా ప్రభావితం చేయవచ్చు. వీటికి ఒక ఉద్యోగిని ప్రత్యేకంగా నియమించడం, బదిలీ మొత్తంతో పోలిస్తే లెక్కలోకి రాని ఖర్చు. లోన్ మీద పంపిన కుర్రాళ్లను నెలకొకసారైనా చూడడానికి మనిషిని పంపాలి. లేకపోతే లోన్ అంటే కళ్లముందు లేకుండా చేయడమనే అర్థమే మిగులుతుంది.

కోచ్‌ను ఎంచుకోవడంలో డైరెక్టర్ మాటకు విలువ ఉండడం ఇక్కడే అవసరమవుతుంది. ముందుకు వెళ్లి ఒత్తిడి చేసే ఆటకు మూడేళ్లుగా కుర్ర జట్టును కూర్చి, తర్వాత వెనక్కి తగ్గి ఆడించే కోచ్‌ను తెస్తే, కాగితం మీద రాసిన పని వివరణలన్నీ మళ్లీ రాయవలసి వస్తుంది. ఉన్న ఆటగాళ్లలో కనీసం ఏడెనిమిది మందిని యథాతథంగా ఆడించగలిగే కోచ్‌నే వెతకాలి.

ప్రతి కొనుగోలు నిర్ణయానికీ ఆ రోజున తెలిసిన సమాచారం, ఎవరు ఏమన్నారు, ఎందుకు సరే అన్నారు అన్నవి ఒక ఫైలులో ఉంచి, ఏడాది తర్వాత ఒకసారి, మూడేళ్ల తర్వాత ఒకసారి తెరవాలి. గాయంతో విఫలమైన కొనుగోలునూ, ఆట అంచనా తప్పి విఫలమైన కొనుగోలునూ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది వైద్య విభాగంతో, రెండోది స్కౌట్‌లతో మాట్లాడవలసిన విషయం. వద్దని వదిలేసిన ఆటగాళ్ల పేర్లు కూడా ఈ ఫైలులో ఉండాలి. వారిలో ఎందరు ఇతర క్లబ్బుల్లో రాణించారో, వద్దన్నప్పుడు రాసిన కారణం ఏమిటో చూసుకుంటే, తర్వాతి మార్కెట్‌కు పని వివరణలో ఏ వాక్యం కొట్టివేయాలో, ఏ స్కౌట్ మాటకు బరువు పెంచాలో తేలుతుంది. ఈ సమీక్షను సీజన్ ముగిశాక కాకుండా ఫిబ్రవరిలో, జనవరి మార్కెట్ మూసిన వెంటనే పెట్టుకుంటే, వేసవి జాబితాలు సిద్ధం చేయడానికి నాలుగు నెలల సమయం దొరుకుతుంది.